జాక్ పోలేదు: ఓపీ-1 శాంప్లర్‌కి బయటి శబ్దం ఎక్కని ఒక కేసు

మెషీన్ టీనేజ్ ఇంజనీరింగ్ వాళ్ల ఓపీ-1, సింథసైజరూ శాంప్లరూ కలిసిన చిన్న కీబోర్డ్. 2011లో వచ్చిన మొదటి మోడల్, 2022 నాటి ఓపీ-1 ఫీల్డ్ కాదు. వాడేది ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకున్న ఒక కీబోర్డ్ ప్లేయర్. పని: మిక్సర్ నుంచి డప్పు దెబ్బల్ని, ఫోన్‌లోని తంబూరా యాప్ నుంచి శ్రుతిని శాంపిల్ చేసుకోవడం, అంటే చిన్న ముక్కగా రికార్డ్ చేసి కీల మీద వాయించుకోవడం.

ఫిర్యాదులు మూడు. మిక్సర్ మెయిన్ అవుట్ నుంచి లైన్ ఇస్తే, గెయిన్ (ఇన్‌పుట్ స్థాయి) ఎంత పెంచినా శాంపిల్ సన్నగా, పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు వస్తోంది, పైగా బుస్సుమంటోంది. అదే పిన్నుని సగం బయటికి లాగి పట్టుకుంటే గట్టిగా, బేస్‌తో సహా వస్తోంది. ఫోన్ నుంచి ఇస్తే మాత్రం, ఫోనూ ఓపీ-1 రెండూ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే శబ్దం ఎక్కుతోంది. ఛార్జర్ తీయగానే నిశ్శబ్దం.

దీన్నిబట్టి యజమాని తేల్చుకున్నది: ఇన్‌పుట్ జాక్ వదులైంది, బ్యాటరీ కూడా బలహీనపడింది, రెండూ మార్చాలి. సగం లాగితే పలికే జాక్‌ని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నిజానికి ఆ లక్షణమే జాక్ బాగుందని చెబుతోంది. ఎలాగో కింద చూద్దాం.

విప్పకముందు

ఓపీ-1లో శాంపిల్ చేయడానికి బయటి లైన్ ఒక్కటే దారి కాదు. లోపలే మైక్ ఉంది, ఎఫ్ఎం రేడియో ఉంది. ఇన్‌పుట్ బటన్ నొక్కి సోర్స్ మార్చుకుంటే చాలు. ఇంత మంచి పరీక్షా సాధనం మెషీన్‌లోనే ఉండగా స్క్రూడ్రైవర్ తీయడం తొందరపాటే.

సింథ్ మోడ్‌లో శాంప్లర్ పెట్టి, రేడియోని 102.8 మీద హైదరాబాద్ వివిధ భారతికి ట్యూన్ చేసి, ఒక కీ నొక్కి పట్టి 6 సెకన్లు రికార్డ్ చేశాం. (సింథ్ శాంప్లర్ పరిమితి 6 సెకన్లు, డ్రమ్ శాంప్లర్‌ది 12.) అనౌన్సర్ గొంతు నిండుగా వచ్చింది. లోపలి మైక్‌తో చప్పట్లు కొట్టి చూస్తే అదీ బాగుంది. అంటే శాంప్లర్, మెమరీ, అవుట్‌పుట్, హెడ్‌ఫోన్ అన్నీ బాగున్నట్టే. అనుమానం లైన్ ఇన్ సాకెట్ దగ్గరికీ, దాని బయట ఉన్న కేబుళ్ల దగ్గరికీ కుదించుకుపోయింది.

తర్వాత సాకెట్. దానికి మంచిదని తెలిసిన కేబుల్, మంచిదని తెలిసిన సోర్స్ కావాలి. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ అవుట్ నుంచి మామూలు మూడు భాగాల ఈపీ (3.5 మిల్లీమీటర్ల చిన్న పిన్ను) స్టీరియో కేబుల్ పెట్టి, లాప్‌టాప్‌ని బ్యాటరీ మీదే ఉంచి, 200 హెర్ట్జ్ సైన్ టోన్ మూడు రకాలుగా వాయించాం: ఎడమ చానల్‌లో మాత్రమే, కుడిలో మాత్రమే, రెండింట్లో. మూడూ ఎక్కాయి. రెండింట్లో వాయించినప్పుడు స్థాయి ఎక్కువ. పిన్నుని గుండ్రంగా తిప్పినా, పక్కకి కొద్దిగా నొక్కినా గరగర లేదు.

ఈ పరీక్షతో రెండు సంగతులు తేలాయి. సాకెట్ బాగుంది. ఇంకా ముఖ్యంగా, సాకెట్ స్టీరియోదే అయినా లోపల ఎడమనీ కుడినీ కలిపి ఒక్క మోనోగా రికార్డ్ చేస్తోంది. కేసు అంతా ఈ "కలిపి" అన్న మాట చుట్టూనే తిరుగుతుంది.

మిక్సర్ కేబుల్

వాడుతున్న కేబుల్ ఒక చివర స్టీరియో పీ-38 (6.35 మిల్లీమీటర్ల పెద్ద పిన్ను), ఇంకో చివర స్టీరియో ఈపీ. పిన్ను మొన టిప్, మధ్య పట్టీ రింగ్, వెనక పొడవాటి భాగం స్లీవ్, అంటే గ్రౌండ్. మల్టీమీటర్ బజర్‌తో చూస్తే టిప్‌కి టిప్, రింగ్‌కి రింగ్, స్లీవ్‌కి స్లీవ్ సరిగ్గా పలికాయి. కేబుల్‌లో తెగుడు లేదు. అయినా ఈ పనికి అది తప్పు కేబుల్.

మిక్సర్ మెయిన్ అవుట్ బ్యాలెన్స్‌డ్. అంటే అక్కడి పీ-38 సాకెట్‌లో టిప్ మీద ఉన్నదీ రింగ్ మీద ఉన్నదీ ఎడమ, కుడి చానళ్లు కావు. టిప్ మీద సిగ్నల్, రింగ్ మీద అదే సిగ్నల్ తలకిందులుగా. దూరం పోయే వైరులో ఎక్కిన హమ్‌ని అవతలి చివర తీసివేతతో పోగొట్టడానికి ఆ ఏర్పాటు. అవతల తీసివేసే సర్క్యూట్ ఉంటే బంగారం లాంటి పద్ధతి. ఓపీ-1 ఇన్‌పుట్ తీసివేయదు, కలుపుతుంది. టిప్ మీది ప్లస్సూ రింగ్ మీది మైనస్సూ కలిస్తే మిగిలేది సున్నా.

మరి పూర్తి నిశ్శబ్దం కాకుండా ఆ సన్నని శబ్దం ఎక్కడిది? మిక్సర్ లోపల రెండు కాళ్లూ (టిప్ సిగ్నల్, రింగ్ సిగ్నల్) అచ్చుగుద్దినట్టు సమానంగా ఉండవు. వాటి మధ్య 1 శాతం తేడా ఉన్నా, కలిపాక నూరో వంతు మిగులుతుంది, అంటే 40 డెసిబెల్స్ కింద. పై ఫ్రీక్వెన్సీల్లో రెండు కాళ్ల ఫేజ్ (తరంగం లేచి పడే వేళ) కొంచెం అటూ ఇటూ అవుతుంది కాబట్టి అక్కడ రద్దు ఇంకా అసంపూర్ణం. అందుకే మిగిలిన శబ్దంలో బేస్ ఉండదు, రేకు డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది. ఆ మిగులుని వినడానికి గెయిన్ పెంచితే దాంతోపాటు హిస్ కూడా పెరుగుతుంది. "గెయిన్ పెంచితే బుస్సుమంటోంది" అన్న ఫిర్యాదుకి మూలం ఇదే.

ఇక సగం లాగిన పిన్ను. పిన్నుని ఒక భాగం మేర బయటికి లాగితే దాని టిప్ వచ్చి సాకెట్‌లోని రింగ్ స్ప్రింగ్ దగ్గర ఆగుతుంది. దాని రింగ్ సాకెట్ గ్రౌండ్‌ని తాకుతుంది. ఇప్పుడు కుడి చానల్‌కి టిప్‌కీ రింగ్‌కీ మధ్య ఉన్న మొత్తం వోల్టేజ్ అందుతుంది, ఎడమకి ఏమీ అందదు. కలపడానికి ఎదురుకాలు లేదు కాబట్టి రద్దు కూడా లేదు. శబ్దం నిండుగా వస్తుంది. వదులైన సాకెట్ అయితే కదిలిస్తే గరగరలాడుతుంది, ఒక చానల్ పోయి వస్తుంది. ఇలా ఒక్కచోట ఆపితే శుభ్రంగా పలకదు. పూర్తిగా తోస్తే సన్నబడి, సగం లాగితే నిండుగా పలికే పిన్ను ఎక్కడ కనిపించినా ముందు అనుమానించాల్సింది బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌ని. సాకెట్ మీద అనుమానం ఆ తర్వాతే.

అనుమానాన్ని అంకెతో తేల్చుకోవాలి. మిక్సర్‌లో 200 హెర్ట్జ్ టోన్ వేసి, మిక్సర్ స్థాయి మీటర్‌ని సున్నా గుర్తు మీద నిలబెట్టి, ఖాళీ స్టీరియో పీ-38 పిన్ను దూర్చి మల్టీమీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టాలి. చవక మీటర్లు 50 నుంచి 400 హెర్ట్జ్ దాకానే నమ్మకంగా చదువుతాయి, అందుకే 200; ఒక కిలోహెర్ట్జ్ టోన్ వాడితే తక్కువ చూపించి తప్పుదోవ పట్టించవచ్చు. ఇక్కడ వచ్చిన రీడింగులు: టిప్–స్లీవ్ 0.61 వోల్ట్, రింగ్–స్లీవ్ 0.61, టిప్–రింగ్ 1.23. టిప్–రింగ్ మధ్య రెట్టింపు వస్తే అది నిజమైన బ్యాలెన్స్‌డ్. అక్కడ సున్నా వచ్చి, రెండు కాళ్లలోనూ వోల్టేజ్ ఉంటే రెండింట్లో ఒకే మోనో సిగ్నల్ ఉన్నట్టు, ఓపీ-1కి నేరుగా ఇవ్వొచ్చు. రింగ్–స్లీవ్ సున్నా, టిప్–స్లీవ్‌లో వోల్టేజ్ ఉంటే అది ఇంపీడెన్స్ బ్యాలెన్స్‌డ్. చిన్న మిక్సర్లలో ఇది చాలా మామూలు. అప్పుడు ఇదే కేబుల్‌తో ఎడమ చానల్ ఒక్కటే ఎక్కుతుంది, స్థాయి 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంతే. ఒకే కేబుల్ ఒక మిక్సర్‌తో పని చేసి ఇంకో మిక్సర్‌తో చేయకపోవడానికి కారణం ఇదే.

కేబుల్ కట్టిన తీరు

ఖర్చు లేని దారి ముందు చెప్పుకోవాలి. అదే స్టీరియో కేబుల్‌ని మెయిన్ అవుట్ నుంచి తీసి మిక్సర్ హెడ్‌ఫోన్ సాకెట్‌లో పెడితే సమస్య అక్కడికక్కడే పోతుంది. హెడ్‌ఫోన్ సాకెట్‌లో టిప్ ఎడమ, రింగ్ కుడి, రెండూ ఒకే దిశలో ఉంటాయి. ఈ కేబుల్ పుట్టిందే దానికోసం. స్థాయికి విడిగా నాబ్ కూడా ఉంటుంది. ఆ రోజుకి పని అలా నడిచింది. కానీ రికార్డింగ్ మధ్యలో మిక్సర్ దగ్గర వినడానికి హెడ్‌ఫోన్ కావాలి కాబట్టి, శాశ్వతంగా ఒక కేబుల్ కట్టాల్సి వచ్చింది.

కావలసినవి: స్టీరియో పీ-38 ఒకటి (లోపల రెసిస్టర్లకి చోటున్న లోహపు తొడుగుది), స్టీరియో ఈపీ ఒకటి, సింగిల్ కోర్ షీల్డెడ్ వైరు ఒకటిన్నర మీటరు, 10 కిలోఓమ్స్, 3.3 కిలోఓమ్స్ రెసిస్టర్లు పావు వాట్‌వి చెరొకటి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క కొట్టులోనే అన్నీ దొరుకుతాయి.

పీ-38 టిప్‌కి 10 కిలోఓమ్స్ ఒక కాలు, దాని రెండో కాలికి వైరు కోర్. అదే కోర్ నుంచి స్లీవ్‌కి 3.3 కిలోఓమ్స్. షీల్డ్ స్లీవ్‌కి. రింగ్‌ని దేనికీ కలపకుండా ఖాళీగా వదలాలి. ఈపీ చివర కోర్‌ని టిప్‌కీ రింగ్‌కీ రెండింటికీ కలిపి సోల్డర్ చేయాలి, షీల్డ్ స్లీవ్‌కి. పీ-38 తొడుగు బిగించే ముందు రెసిస్టర్ల కాళ్ల మీద స్లీవింగ్ (ఇన్సులేషన్ గొట్టం) తొడగడం మరవకూడదు. లోహపు తొడుగుకి కాలు తగిలితే సిగ్నల్ గ్రౌండ్ అయిపోతుంది, మళ్లీ మొదటి నుంచీ వెతుక్కోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని మిక్సర్లలో సర్వో బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (ఒక కాలు గ్రౌండ్ అయితే రెండో కాలిలో స్థాయిని తానే సర్దుకునేది) ఉంటుంది. దానికి రింగ్‌ని ఖాళీగా వదలకూడదు, మిక్సర్ చివరే స్లీవ్‌కి కలపాలి. ఏ రకమో మిక్సర్ మాన్యువల్‌లో ఉంటుంది, చూసే కట్టాలి. ఇంకొకటి: ఒక అవుట్‌పుట్‌ని రెండు ఇన్‌పుట్లకి పంచవచ్చు గానీ, రెండు అవుట్‌పుట్లని నేరుగా ముడివేసి ఒక ఇన్‌పుట్‌కి ఇవ్వకూడదు. ఎడమ, కుడి రెండూ కావాలంటే రెండు వైర్లు లాగి ఈపీ టిప్‌కి ఒకటి, రింగ్‌కి ఒకటి ఇవ్వాలి. కలిపే పని ఓపీ-1 చూసుకుంటుంది.

రెసిస్టర్లు ఎందుకంటే స్థాయి కోసం. ప్రొఫెషనల్ లైన్ స్థాయి ప్లస్ 4 డీబీయూ, అంటే 1.23 వోల్ట్స్. ఇళ్లలో వాడే పరికరాల లైన్ మైనస్ 10 డీబీవీ, అంటే 0.316 వోల్ట్స్. మధ్య తేడా దాదాపు 12 డెసిబెల్స్. మీటర్ సున్నా దగ్గర ఒక కాలిలో 0.61 వోల్టే కదా, పర్లేదు అనిపిస్తుంది. కానీ డప్పు దెబ్బ మీటర్ చూపించే దానికంటే చాలా పైకి ఎగురుతుంది; దెబ్బ మొదటి కొన్ని మిల్లీసెకన్లని సూది పట్టుకోలేదు. ఆ శిఖరం ఇన్‌పుట్ సర్క్యూట్‌లోనే చదునైపోతే తర్వాత స్క్రీన్ మీద గెయిన్ తగ్గించినా లాభం లేదు, చదునైన శిఖరమే చిన్నగా కనిపిస్తుంది. ఈ రెండు రెసిస్టర్లు ఏ లోడూ లేకపోతే 12 డెసిబెల్స్, ఇన్‌పుట్ లోడు కలిస్తే 14–16 వరకూ తగ్గిస్తాయి. తగ్గిన ఆ సిగ్నల్‌ని ఓపీ-1 గెయిన్‌తో కొద్దిగా లేపుకుంటే సరిపోతుంది.

ఫోన్, ఛార్జర్

ఫోన్ కేబుల్ వేరే కథ. మామూలు ఈపీ–ఈపీ. బజర్‌తో చూస్తే టిప్, రింగ్ పలికాయి, స్లీవ్ పలకలేదు. ఓపీ-1 వైపు పిన్ను దగ్గర, వైరు వంగే చోట, షీల్డ్ మెష్ పూర్తిగా తెగింది.

గ్రౌండ్ తెగితే హమ్ రావాలి గానీ నిశ్శబ్దం ఎందుకు? రెండు పరికరాలూ బ్యాటరీ మీద ఉంటే వాటి గ్రౌండ్‌లని కలిపేది ఈ కేబుల్ ఒక్కటే. అది తెగితే ఓపీ-1 గ్రౌండ్ గాల్లో ఉంటుంది. తన రెండు ఇన్‌పుట్ల ఇంపీడెన్స్ (ఏసీకి ఎదురయ్యే నిరోధం) గుండా లాక్కుని ఎడమ, కుడి సిగ్నళ్లకి సరిగ్గా మధ్యన నిలబడుతుంది. తంబూరా యాప్ మోనో. రెండు చానళ్లూ ఒకటే కాబట్టి వాటి మధ్యబిందువు కూడా అదే. ఎడమ నుంచి మధ్యకి తేడా సున్నా, కుడి నుంచి మధ్యకి తేడా సున్నా. ఒకవేళ స్టీరియో పాట పెట్టినా ఒక వైపు తేడా ప్లస్, ఇంకో వైపు మైనస్. కలిపితే మళ్లీ సున్నానే. హెడ్‌ఫోన్‌లో గ్రౌండ్ తెగితే గాయకుడి గొంతు పోయి చుట్టూ ఉన్న రివర్బ్ మిగలడం చాలామంది విన్నదే. మోనోగా కలిపే ఇన్‌పుట్‌లో ఆ మిగులు కూడా ఉండదు.

ఫోన్‌నీ ఓపీ-1నీ ఒకే మల్టీ పోర్ట్ ఛార్జర్‌కి తగిలించగానే, యూఎస్‌బీ వైర్ల గ్రౌండ్‌లు ఛార్జర్ లోపల కలుస్తాయి. తెగిన షీల్డ్‌కి అదే ప్రత్యామ్నాయం అవుతుంది, శబ్దం ఎక్కుతుంది. బ్యాటరీకీ దీనికీ సంబంధమే లేదు. అయితే ఆ దారిలో వచ్చిన శబ్దం వెంట ఛార్జర్ చెత్త కూడా వస్తుంది, తీసిన శ్రుతి శాంపిల్స్ అన్నిటిలో కీచుమనే ధ్వని వెనక వినిపించింది అందుకే.

కేబుల్ మార్చడంతో ఇది తీరిపోయింది. కొత్తది కొనేటప్పుడు మూడు భాగాల పిన్ను చూసి తీసుకోవాలి. నాలుగు భాగాల హెడ్‌సెట్ పిన్ను కేబుళ్లు ఇలాంటి మూడు భాగాల సాకెట్‌లో పెడితే గ్రౌండ్ వెళ్లి మైక్ కాలి మీద పడే అవకాశం ఉంది.

మిగిలిన హమ్

కొత్త మిక్సర్ కేబుల్‌తో శబ్దం నిండుగా వచ్చాక, అప్పటిదాకా కనపడని ఇంకో సమస్య బయటపడింది: కింద సన్నగా ఒక గుయ్‌మనే మోత. ఏ హమ్ ఎక్కడిదో చెవితోనే తేల్చుకోవచ్చు, ఎలాగూ చేతిలో కీబోర్డ్ ఉంది. ఏమీ వాయించకుండా 6 సెకన్ల నిశ్శబ్దాన్ని శాంపిల్ చేసి, స్థాయి పెంచి విని, ఆ ధ్వనిని మామూలు సింథ్ స్వరంతో పోల్చాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. కింది జి స్వరం 49 హెర్ట్జ్, దాని పై జి 98. కాబట్టి హమ్ జి కంటే పిసరంత ఎక్కువ శ్రుతిలో పలికితే అది కరెంటు నుంచి వచ్చింది: 50, లేదా రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే భాగం) తర్వాతి 100. పైన బి స్వరానికి, అంటే 988 హెర్ట్జ్‌కి, కాస్త ఎగువన సన్నని ఈల వినిపిస్తే అది యూఎస్‌బీది. ఫుల్ స్పీడ్ యూఎస్‌బీ మిల్లీసెకనుకి ఒక ఫ్రేమ్ పంపుతుంది, అంటే సరిగ్గా 1 కిలోహెర్ట్జ్. హై స్పీడ్ అయితే 8 కిలోహెర్ట్జ్.

ఇక్కడ రెండూ ఉన్నాయి. మిక్సర్ మూడు పిన్నుల ప్లగ్‌తో ఎర్త్ అయి ఉంది. ఓపీ-1 ఛార్జింగ్ కోసం డెస్క్‌టాప్‌కి కలిపి ఉంది, దానికీ ఎర్త్ ఉంది. ఆడియో కేబుల్ షీల్డ్, యూఎస్‌బీ గ్రౌండ్, గోడలోని ఎర్త్ వైరు కలిసి ఒక పెద్ద చుట్టు అయ్యాయి. యూఎస్‌బీ తీసేయగానే రెండూ మాయం. ఓపీ-1 బ్యాటరీ 16 గంటలదాకా వస్తుంది, శాంపిల్ చేసే వేళ ఛార్జింగ్‌లో పెట్టాల్సిన అవసరమే లేదు. తీసిన శాంపిళ్లని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు డిస్క్ మోడ్‌లో యూఎస్‌బీ పెట్టుకోవచ్చు, అప్పుడు శబ్దంతో పని ఉండదు.

యూఎస్‌బీ తప్పనిసరి అయిన చోట మధ్యలో 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. చవక ట్రాన్స్‌ఫార్మర్లు పెద్ద స్థాయిలో బేస్‌ని నలిపేస్తాయి. కొనే ముందు 50 హెర్ట్జ్ టోన్ పంపి, పెట్టకముందు పెట్టిన తర్వాత శాంపిల్ వింటే తెలిసిపోతుంది. మిక్సర్ ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచేసి హమ్ పోగొట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. ఆ పిన్ను ఉన్నది మనిషి ప్రాణం కోసం.

మరొక చుట్టు కూడా ఉంది. ఓపీ-1 అవుట్‌పుట్ అదే మిక్సర్‌లో ఐదో చానల్‌కి వెళ్తోంది, మిక్సర్ మెయిన్ తిరిగి ఓపీ-1 ఇన్‌పుట్‌కి వస్తోంది. ఇన్‌పుట్ స్క్రీన్ తెరిచి ఉన్నంతసేపూ లోపలికి వచ్చినది బయటికి వినిపిస్తుంది, కాబట్టి ఐదో చానల్ ఫేడర్ (స్థాయి మీట) కొంచెం లేస్తే కూత మొదలవుతుంది. కొత్త కేబుల్‌ని మెయిన్ నుంచి తీసి ఆక్స్ సెండ్‌కి (ప్రతి చానల్ నుంచీ విడి నాబ్‌తో శబ్దం పంపే అవుట్) మార్చి, ఐదో చానల్ ఆక్స్ నాబ్ పూర్తిగా మూసేశాం. దీంతో శాంపిల్‌కి ఏ చానల్ ఎంత వెళ్లాలో విడిగా ఎంచుకునే వీలు కూడా దొరికింది.

చివరి పరీక్ష

మూడు శాంపిళ్లు తీశాం. నిశ్శబ్దం 6 సెకన్లు: పూర్తి స్థాయిలో వింటే చిన్న హిస్ తప్ప స్వరం ఏదీ లేదు. 200 హెర్ట్జ్ టోన్: స్థిరంగా, శుభ్రంగా వచ్చింది. డ్రమ్ శాంప్లర్‌లో డప్పు 12 సెకన్లు: గట్టి దెబ్బకి మీటర్ పై నుంచి పావు భాగం ఖాళీ ఉండేలా గెయిన్ పెట్టి తీశాం, చిటికెన పుల్ల చిరు దెబ్బ కూడా కింద స్పష్టంగా వినిపించింది.

ఓపీ-1 ఫీల్డ్ లాంటి స్టీరియో శాంప్లర్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. బ్యాలెన్స్‌డ్ అవుట్‌కి తప్పు కేబుల్ పెడితే వాళ్లకి శబ్దం పోదు. ఎడమ, కుడి తలకిందులుగా చక్కగా రికార్డ్ అవుతుంది, హెడ్‌ఫోన్‌లో వింటే తల వెనక నుంచి వస్తున్నట్టు విశాలంగా, బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఊరేగింపులో ఒకే స్పీకర్‌కి మోనోగా ఇచ్చినరోజు ఆ వాయిద్యం ఒక్కటే మాయమైపోతుంది. శాంపిల్ తీసిన వెంటనే ఒకసారి మోనోలో విని చూసుకోవాలి.

పాత కేబుల్‌కి "హెడ్‌ఫోన్ అవుట్ మాత్రమే" అని, కొత్తదాని పీ-38 తొడుగు మీద "మోనో, మైనస్ 14" అని టేపు అంటించి రెండూ ఇచ్చి పంపాం. మెషీన్ ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.